అరవై మూడు శాతం దగ్గర ఆగిపోయే సినిమా

కంప్యూటర్ మీద పని చెయ్యడం నా వంతు, దాన్ని విప్పడం మగవాళ్ళ వంతు. గవర్నర్‌పేటలో నేను పదకొండేళ్ళు పని చేసిన పెళ్ళి వీడియోల స్టూడియోలో ఈ రూలు ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ అందరికీ తెలుసు. కెమెరాలు మోసేవాళ్ళు తీసుకొచ్చిన పెళ్ళిళ్ళన్నీ, స్నాతకం నుంచి అప్పగింతల దాకా, నా చేతి మీదుగానే ముక్కలై, మళ్ళీ అతుక్కుని బయటికి వెళ్ళేవి. అయితే సిస్టమ్ మొరాయించినప్పుడు మాత్రం మా ఓనరు గారు సర్వీసు అతనికి ఫోన్ చేసేవారు. అతను వచ్చి, నన్ను నా కుర్చీలోంచి లేపి, తాను కూర్చుని, నాలుగు మీటలు నొక్కి, "ఫార్మాట్ కొట్టాలి సార్" అనేవాడు. నేను వెనకాల నిలబడి చూసేదాన్ని. ఆ పదకొండేళ్ళలో మూడుసార్లు అలా తుడిచిపెట్టారు. ఒకసారి సగం పూర్తయిన పెళ్ళి కూడా అందులో కొట్టుకుపోయింది. ఆ పెళ్ళికూతురి తండ్రి చేత తిట్లు తిన్నది సర్వీసు అతను కాదు, నేను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున చల్లపల్లి వైపు నుంచి ఒక స్కూలు మాస్టారు వచ్చారు. నలభై దాటిన మనిషి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో హార్డ్ డిస్క్.

"మా దగ్గర నర్సమ్మ గారని ఒకావిడ ఉన్నారండి. డెబ్భై ఐదు నిండుతున్నాయి. ముప్ఫై ఏళ్ళ పైన మా చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో కాన్పులు చేశారు. నన్ను కూడా ఆవిడే బయటికి లాగారంట" అని నవ్వారు. "ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళం తలా ఒక మాట ఫోన్లో చెప్పి పంపాం. నూట ఎనభై పైనే ఉన్నాయండి. చర్చిలో కృతజ్ఞతా కూడిక పెడుతున్నాం. ఆ రోజు తెర మీద వెయ్యాలి."

ఓనరు గారు సరేనన్నారు. మాస్టారు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"ఇంకో మాటండి. ఆవిడకి చెవులు బొత్తిగా వినపడవు. మిషను పెట్టిస్తే గోలగా ఉందని తీసి పారేశారు. శుక్లాల ఆపరేషను అయ్యాక కళ్ళు మాత్రం బ్రహ్మాండం. రోజూ బైబిలు చదువుకుంటారు. అంచేత ఎవరేం మాట్లాడినా ఆ మాట కింద తెలుగులో పడాలి. పెద్ద పెద్ద అక్షరాల్లో."

ఆ పని నాకిచ్చారు. మూడు వారాల గడువు.

మొదటి వారమంతా వాళ్ళ మాటలు వింటూ టైపు చేశాను. ఒకాయన రైసు మిల్లు ముందు నిలబడి మాట్లాడాడు. ఒకమ్మాయి కాలేజీ మెట్ల మీద. ఇద్దరు కవలలు ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తూ, చివరికి చెప్పాల్సింది మర్చిపోయి నవ్వేశారు. నాకు ఆ పని ఎంతో నచ్చింది. పెళ్ళి వీడియోల్లో మనుషులు మాట్లాడరు, వాళ్ళ మీద పాట మోగుతుంది. ఇక్కడ అందరూ మాట్లాడుతున్నారు.

ఓనరు గారు ఒక మధ్యాహ్నం నా వెనక నిలబడి తెర మీద చదివారు.

"ఇవేం మాటలమ్మా? 'ఆయమ్మ', 'నొప్పులొచ్చినయ్యి', 'సచ్చిపోయేవాణ్ణి'... చివర్లో మన స్టూడియో పేరు పడుతుంది. నలుగురూ చూస్తారు. కాస్త మర్యాదైన తెలుగులోకి మార్చు. పొడుగ్గా ఉన్నవి కత్తిరించు. మన ఫాంటే వాడు."

మన ఫాంటంటే, స్టూడియో పెట్టిన కొత్తలో ఎవరి దగ్గరో కాపీ చేసుకున్న తెలుగు అక్షరాల సెట్టు. తీగలు తిరిగిన ఒత్తులు, మెలికల దీర్ఘాలు. వధూవరుల పేర్లన్నీ అందులోనే వేసేవాళ్ళం. ఓనరు గారికి అది స్టూడియో ముఖం లాంటిది.

నేను మార్చాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. నొప్పుల్ని ప్రసవవేదన చేశాను. ఆయమ్మని ఆ మాతృమూర్తి చేశాను. ఆపరేషనుని శస్త్రచికిత్స చేశాను. ఎదురు చెప్పాలని అనిపించలేదా అంటే అనిపించింది. అలవాటు లేక ఊరుకున్నాను.

రెండో వారంలో సిస్టమ్ మొండికేసింది. నూట ఎనభై ముక్కలు, నూట ఎనభై రకాల ఫోన్లు. కొన్ని నిలువుగా తీసినవి, కొన్ని వాట్సాప్‌లో పది చేతులు మారి నలిగిపోయినవి. ముక్కల్ని వరసగా పేర్చే టైమ్‌లైన్ మీద పెట్టి నడిపితే బొమ్మ ఒకచోట, మాట ఇంకోచోట. సరేనని కళ్ళు మూసుకుని రెండరింగ్‌కి పెట్టాను. రెండరింగ్ అంటే ఈ ముక్కలూ అక్షరాలూ అన్నీ కలిపి ఒకే సినిమాగా వండి దించడం. పదకొండు గంటలు పడుతుందని చూపించింది. పొద్దున పెట్టిన పని, సాయంత్రం చూస్తే అరవై మూడు శాతం దగ్గర సాఫ్ట్‌వేర్ తనంతట తనే మూసుకుపోయింది. ఏం జరిగిందో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మర్నాడు మళ్ళీ పెట్టాను. మిట్టమధ్యాహ్నం నలభై ఒకటి దగ్గర పోయింది. మూడో రోజు మళ్ళీ అరవై మూడు.

ఓనరు గారు సర్వీసు అతన్ని పిలిపించారు. అతను ఎప్పటిలాగే నన్ను లేపి కూర్చున్నాడు.

"సిస్టమ్ పాతదైపోయింది సార్. కొత్తది తీసుకోండి. లేదంటే ఫార్మాట్ కొట్టి చూద్దాం" అని, తెర మీద అక్షరాలు చూసి, "ఇదేంటి, ఇంత తెలుగా? సాఫ్ట్‌వేర్ తట్టుకోలేదు సార్. ఇంగ్లీషైతే ఏ గోలా ఉండదు" అన్నాడు.

ఓనరు గారు నావైపు తిరిగారు. "ఇంగ్లీషు అక్షరాలతో కొట్టెయ్యమ్మా. వాట్సాప్‌లో అందరూ అట్లాగే కదా కొట్టేది."

"ఆవిడ చదవలేరు సార్. తెలుగే కావాలన్నారు కదా."

"అయితే మొత్తం తీసెయ్. మంచి పాటేసి ఇచ్చేద్దాం. చెవిటావిడకి ఏం తెలుస్తుంది?"

నాకు ఒళ్ళు మండింది. నర్సమ్మ గారిని నేనప్పటికి చూడలేదు. కానీ వారం రోజులుగా ఆవిడ గురించి తప్ప ఇంకేమీ వినలేదు. మోకాలి లోతు బురదలో నడిచి వచ్చిన ఆవిడ. ముహూర్తం కోసం కాన్పు ఆపమన్న మామగారిని గదిలోంచి గెంటేసిన ఆవిడ. అంతమంది ఆవిడతో మాట్లాడుతుంటే, ఆవిడ ఒక్కర్తే ఏమీ తెలియకుండా కూర్చుని, నోళ్ళు కదలడం చూడాలా?

సర్వీసు అతను పెన్ డ్రైవ్ తీసి పెట్టబోతున్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఫార్మాట్ చెయ్యనివ్వను సార్."

ఇద్దరూ నావైపు చూశారు. అతను నవ్వాడు. "మేడమ్, మీకొచ్చింది ఎడిటింగు. ఇది హార్డ్‌వేరు."

"నాలుగు రోజులు టైమివ్వండి. నేనే చూసుకుంటాను."

"ఈలోపు ఏమైనా అయితే?" అన్నారు ఓనరు గారు.

"అయితే ఐదో రోజు నుంచి రానండి."

అంత మాట ఎలా అన్నానో నాకే తెలియదు. అన్నాక మాత్రం భయం వెయ్యలేదు.

నాకు కంప్యూటర్ల గురించి ఎవరూ నేర్పలేదు. మిషన్ల గురించి మాత్రం మా అమ్మ నేర్పింది. ఇబ్రహీంపట్నంలో మా అమ్మ కరెంటు కాలనీ ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది. దారం తెగిపోతుంటే మెకానిక్ కోసం ఎదురు చూసేది కాదు. సూది మార్చి కుట్టి చూసేది. తర్వాత దారం. తర్వాత బాబిన్. "ఒకసారికి ఒక్కటే మార్చాలే. రెండు మారిస్తే దేనివల్ల బాగైందో తెలవదు, మళ్ళీ చెడితే మళ్ళీ మొదటికే" అనేది. నా దగ్గరున్న విద్య అంతే.

ముందు ఒక విషయం ఆలోచించాను. రెండుసార్లు అరవై మూడు దగ్గరే పోయింది. ఒకసారి మాత్రం మధ్యాహ్నం పూట నలభై ఒకటి దగ్గర పోయింది. ఒకే రోగమైతే ఒకేచోట పోవాలి. అంటే రోగాలు రెండు.

మా సిస్టమ్ క్యాబినెట్‌ని వాస్తు ప్రకారం ఆగ్నేయ మూల చెక్క అరలో పెట్టారు. దుమ్ము పడకుండా దానికి తలుపు. తలుపు తీసి చెయ్యి పెడితే అట్ల పెనం మీద పెట్టినట్టుంది. పక్కనున్న జిరాక్స్ షాపాయన్ని అడిగి స్క్రూడ్రైవరు, దుమ్ము ఊదే బ్లోయరు తెచ్చుకున్నాను. క్యాబినెట్‌ని మెట్ల మీదికి మోసుకెళ్ళి పక్క రేకు విప్పాను. లోపల ఫ్యానుకి బూడిదరంగు దుమ్ము దుప్పటిలా చుట్టుకుని ఉంది. ఫ్యాను తిరుగుతోందనే మాటే గానీ గాలి ఎక్కడిది? బ్లోయరు పెట్టేసరికి నా జుట్టంతా తెల్లబడింది.

సరిగ్గా అప్పుడే ఓనరు గారు మెట్లెక్కి వచ్చారు.

"ఎవరు విప్పమన్నారు?"

"నేనే విప్పానండి."

శుభ్రం చేశాక దాన్ని మళ్ళీ అరలో పెట్టలేదు. కిటికీ పక్కన బల్ల మీద పెట్టాను. ఆయన ముఖం ఎర్రబడింది. "అక్కడ పెట్టకూడదు. అది ఆగ్నేయంలోనే ఉండాలి. వాస్తు చూసి పెట్టించాను."

"అగ్నిమూల కాబట్టే మండిపోతోంది సార్. పని అయ్యేదాకా ఇక్కడే ఉంటుంది."

ఆయన విసురుగా లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆగిపోవడం ఆగిపోయింది. ఒక రోగం పోయింది.

రెండో రోజు నెమ్మది సంగతి చూశాను. క్లిప్పులన్నీ మాస్టారిచ్చిన హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. దాని వైరు వదులు. సాఫ్ట్‌వేర్ వాటిని అందులోంచే చదివి, తాత్కాలిక ఫైళ్ళు కూడా అందులోనే రాసుకుంటోంది. సన్నటి సందులోంచి వచ్చేవాళ్ళూ వెళ్ళేవాళ్ళూ ఒకరినొకరు తోసుకుంటున్నట్టు. ఇక సిస్టమ్ సొంత డిస్క్ అయితే ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళ తాత్కాలిక ఫైళ్ళతో గొంతు దాకా నిండిపోయి ఉంది. అవన్నీ చూసుకుని తీసేశాను. క్లిప్పుల్ని లోపలికి ఎక్కించాను. తర్వాత ప్రతి ఫోన్ క్లిప్పునీ ఒకే రకం ఫైలుగా, సెకనుకి ఒకే లెక్కన బొమ్మలు వచ్చేలా మార్చాను. ఫోన్లు వెలుతురుని బట్టి ఆ లెక్కని తమ ఇష్టం వచ్చినట్టు పెంచి తగ్గిస్తాయి. బొమ్మా మాటా విడిపోయేది అందుకే. పొద్దు వాలేదాకా అదే పని. సర్వీసు అతను ఫోన్ చేసి, "అవన్నీ దండగ మేడమ్" అన్నాడు. "దండగో కాదో రేపు చెప్తాను" అని పెట్టేశాను.

మూడో రోజు పొద్దున రెండరింగ్ పెడితే, పదకొండు గంటలన్న చోట గంటా నలభై నిమిషాలు చూపించింది. కుర్చీలోంచి లేచి గెంతాలనిపించింది. గంట దాటింది. అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు. మూసుకుపోయింది.

ఈసారి నాకు కోపం రాలేదు. ఒకేచోట పోతున్నది దొరకక తప్పదు. సినిమాని సగానికి కోశాను. మొదటి సగం చక్కగా దిగింది. రెండో సగం చచ్చింది. దాన్ని మళ్ళీ సగం. మళ్ళీ సగం. భోజనాల వేళకి పదకొండు సెకన్లు మిగిలాయి.

ఆ పదకొండు సెకన్లలో ఉన్నది అవనిగడ్డ అవతల ఒక లంక ఊరి మనిషి. రొయ్యల చెరువు గట్టు మీద, గాలికి లుంగీ ఎగురుతుంటే నిలబడి మాట్లాడాడు.

ఓనరు గారు చూసి, "ఒక్కడే కదా, తీసెయ్. నూట ఎనభైలో ఒకడు లేకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"అతనికి తెలుస్తుంది సార్."

మాస్టారి దగ్గర నంబరు తీసుకుని అతనికే ఫోన్ చేశాను. క్లిప్పు పాడైంది, మళ్ళీ చెప్పి పంపుతారా అని అడిగాను.

"నేనేవన్నా తప్పు మాట్లాడానా మేడం?" అన్నాడు కంగారుగా.

"లేదండీ, ఫైలు పాడైంది, అంతే."

గంటలో పంపాడు. ఈసారి తెల్ల చొక్కా, ప్యాంటు వేసుకుని, తల దువ్వుకుని. పెట్టి చూశాను. పోయింది. మళ్ళీ ఫోన్ చెయ్యడానికి నాకే మొహమాటం వేసింది.

"ఎన్నిసార్లైనా చెప్తానండి. ఆయమ్మ గురించే గదా" అన్నాడు.

మూడోదీ పోయింది. అప్పుడు తెలివి వచ్చింది. నేను అనుమానించిన మనిషినే మళ్ళీ మళ్ళీ మారుస్తున్నాను. అతని మాటల కింద నేను రాసినదాన్ని మాత్రం ఒక్కసారి కూడా కదపలేదు. కింది అక్షరాలు తీసేసి పెట్టాను. రెప్పపాటులో దిగింది.

తప్పు అతనిది కాదు, నాది. ఆ వాక్యంలోంచి ఒక్కొక్క మాటే తీసి చూశాను. శస్త్రచికిత్స అనే మాట ఉంటే పోతోంది, లేకపోతే దిగుతోంది. ఖాళీ తెర మీద ఆ పాత ఫాంటులో ఆ ఒక్క మాటే కొట్టి దించబోయాను. సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. "స్త్రీ" అని కొట్టాను. మూసుకుపోయింది. "రాష్ట్రం" అన్నా అంతే. ఒక అక్షరం కింద రెండు ఒత్తులు పడేసరికి ఆ ఫాంటు ఎటు పోవాలో తెలియక సాఫ్ట్‌వేర్ని కూడా తనతో పడేస్తోంది. పెళ్ళి పేర్లని ఫొటోల సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలుగా చేసి అతికించేవాళ్ళం కాబట్టి ఇన్నాళ్ళూ ఈ సంగతి బయటపడలేదు.

అతను మొదట ఏమన్నాడో మళ్ళీ విన్నాను.

"మా అమ్మకి ఆపరేషను చెయ్యాలన్నారంట. రగతం లేదంటే ఆయమ్మే ఇచ్చిందంట. మరి నా ఒంట్లో ఆయమ్మ రగతం ఉన్నట్టే గదండీ."

నేను రాసింది: "నా తల్లికి శస్త్రచికిత్స అవసరమైంది. ఆ మాతృమూర్తి రక్తదానం చేశారు." ఆ చివరి మాట పొడుగైందని కత్తిరించేశాను. ఆ మనిషి బట్టలు మార్చుకుని మరీ మూడుసార్లు చెప్పిన మాట అది.

కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే కోపం వచ్చింది. ఆ కోపం ఓనరు గారి మీద కంటే నా మీద ఎక్కువ.

నేనడిగిన గడువు దాటుతుందని తెలిసినా, నాలుగో రోజూ, ఆ తర్వాతి రెండు రోజులూ మొత్తం నూట ఎనభై మంది మాటల్నీ మళ్ళీ మొదటి నుంచి టైపు చేశాను. ఫాంటు మార్చి, ఏ మెలికలూ లేని మామూలు అచ్చు అక్షరాలు పెట్టాను. ఎవరు ఎలా అన్నారో అలాగే. నొప్పులొచ్చినయ్యి అంటే నొప్పులొచ్చినయ్యి. మన ఊరి మాట తెర మీద పడితే పరువెందుకు పోతుంది? వాళ్ళ మాట ఎలా ఉంటుందో నర్సమ్మ గారికి నాకంటే బాగా తెలుసు. ఆవిడకి నేను కొత్త మనుషుల్ని చూపించబోయానన్నమాట.

ఓనరు గారు కనిపెట్టేశారు. "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"మన ఫాంటు పాడైంది సార్. అందులో 'స్త్రీ' అని కొట్టి దించబోతే సాఫ్ట్‌వేర్ పోతోంది. కావాలంటే మీరే కొట్టి చూడండి."

ఆయన నా కుర్చీలో కూర్చుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టి, రెండరింగ్ నొక్కారు. తెర మాయమైంది. ఇంకోసారి కొట్టారు. మళ్ళీ అంతే.

"సరే, ఫాంటు మార్చావు. మరి ఆ మాటలేంటి? ఆ నాటు మాటలు?"

"మాటలు వాళ్ళవండి."

"పేరు నాది కదమ్మా!"

"అలాగైతే పేరు తీసెయ్యమంటారా?"

ఆయన నన్ను బెదిరిద్దామనుకున్నారో, నిజంగానే అన్నారో గానీ, "తీసెయ్. ఆ చెత్తకి నా పేరెందుకు?" అన్నారు. ఆయన చూస్తుండగానే చివర స్టూడియో పేరున్న ముక్కని పట్టుకుని తీసేశాను. అప్పుడు రెండరింగ్‌కి పెట్టాను. అరవై మూడు దాటింది. డెబ్భై దాటింది. నేను లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చేసరికి ఎనభై ఎనిమిది. వంద అవగానే మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూశాను. ఎక్కడా ఆగలేదు.

కూడిక ఆదివారం ఆరాధన అయ్యాక. నన్నెవరూ పంపలేదు. నేనే బస్సెక్కి, ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్ళాను. చర్చి పక్కనే రేకుల హాలు, కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో తెల్ల చీర కట్టుకుని నర్సమ్మ గారు. ఇంత చిన్న మనిషా అనుకున్నాను.

సినిమా మొదలైంది. మొదటి మనిషి కింద అక్షరాలు పడగానే ఆవిడ వాటిని పైకి చదవడం మొదలుపెట్టారు. చెవులు వినపడవు కదా, తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకి తెలియదు. హాలంతా మోగిపోయింది. చదవడమే కాదు, జవాబులు కూడా.

"వీడు ఎదురుకాళ్ళతో పుట్టాడు!"

"అబద్ధం. ఆ రోజు వానే లేదు. మీ నాన్న తాగొచ్చి నాకు దారి చూపించలేదు!"

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. కవలలు వచ్చినప్పుడు, "పెద్దది ఇటుపక్కది" అని వేలు పెట్టి చూపించారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. పాటేసి ఇచ్చేద్దామన్న మాట గుర్తొచ్చి పళ్ళు కొరుక్కున్నాను.

రొయ్యల చెరువు మనిషి వచ్చాడు. తెల్ల చొక్కాది కాదు, లుంగీతో ఉన్న మొదటి క్లిప్పే పెట్టాను. ఆవిడ చదివారు. "మా అమ్మకి ఆపరేషను చెయ్యాలన్నారంట... రగతం లేదంటే ఆయమ్మే ఇచ్చిందంట... మరి నా ఒంట్లో..." అక్కడ ఆగిపోయారు. తెర మీద తర్వాతి మనిషి వచ్చినా ఆవిడ చదవలేదు. లేచి నిలబడి వెనక్కి తిరిగారు.

"ఏడీ వాడు?"

మాస్టారు సినిమా ఆపారు. వెనక వరసల్లోంచి అతను వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూశారు. నిజంగానే లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిలాయి.

"బాగానే కొట్టుకుంటోంది" అన్నారు. "అన్నం తింటున్నావా సరిగ్గా? చిక్కిపోయావు." అని కూర్చుని, కానివ్వమన్నట్టు తెర వైపు చెయ్యి ఊపారు.

అయిపోయాక మాస్టారు నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక కాగితం మీద "ఈ అమ్మాయే చేసింది" అని రాసి చూపించారు. వందనాలన్నాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"నువ్వేనా రాసింది? మావాళ్ళు మాట్లాడినట్టే ఉంది. బాగు చేసి పాడు చెయ్యలేదు." అని, నన్ను దగ్గరికి లాక్కుని, "నాగాయలంక అన్న మాటలో ఒకచోట దీర్ఘం ఎగిరిపోయింది. చూసుకో నాన్నా" అన్నారు.

ఒప్పుకున్నాను. బస్సులో కూర్చుని ఫోన్లో చూసుకుంటే నిజమే, నగాయలంక అని ఉంది.

ఆ వారంలోనే మాస్టారు స్టూడియోకి వచ్చి, సినిమా గురించి అందరూ అడుగుతున్నారని చెప్పారు. ఓనరు గారు కుర్చీలో వెనక్కి వాలి, "సిస్టమ్ బాగా ఇబ్బంది పెట్టిందండి. మా సర్వీసతను మంచోడు, మొత్తం సెట్ చేశాడు" అన్నారు.

నేను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాను.

"సర్వీసతను కాదండి మాస్టారూ. విప్పింది నేను, బాగు చేసింది నేను. ఆయన ఫార్మాట్ కొడదామన్నారు. కొట్టి ఉంటే మీ సినిమా లేదు."

ఓనరు గారు మాస్టారిని గుమ్మం దాకా సాగనంపి వచ్చారు. తర్వాత, "కస్టమరు ముందు నన్ను తీసిపారేస్తావా?" అన్నారు. నేనన్నది నిజమో కాదో మాత్రం ఆయన అనలేదు. క్షమాపణ అడిగితే పోనీలే అనేవారేమో. నేను అడగలేదు. చేతిలో ఉన్న రెండు పెళ్ళిళ్ళూ పూర్తి చేసి ఇచ్చి, నెలాఖరున మానేస్తున్నానని చెప్పాను.

"నీకింత పొగరు ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు.

"లేటుగానే వచ్చింది సార్" అన్నాను.

ఇప్పుడు భవానీపురంలో మా ఇంటి ముందు గదిలోనే ఎడిటింగ్ చేస్తున్నాను. పెళ్ళిళ్ళు తక్కువ. ఊళ్ళలో పెద్దవాళ్ళ చేత మాట్లాడించి తీసుకొస్తున్నారు. కాలవల మీద లాకులు తిప్పి రిటైరైన ఒకాయన, చర్చిలో నలభై ఏళ్ళు హార్మోనియం వాయించిన ఒకావిడ. మొన్న ఒక కుటుంబం వాళ్ళ తాతగారి మాటల్ని కాస్త మంచి తెలుగులో పెట్టమని అడిగింది. కుదరదని చెప్పాను. ఆలోచించుకుని చెప్తామని వెళ్ళారు. ఇంకా రాలేదు. రాకపోయినా ఫరవాలేదు.